టిక్కీల మీద ఎర్ర గుర్తు

రొంపిచెర్ల,
ఆదివారం.

చిరంజీవి హిమజకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగున్నాం. హైదరాబాదులో నువ్వూ రోహిణీ బాగున్నారని అనుకుంటాను.

మందులతో పాటు నువ్వు పంపిన ఉత్తరం అందింది. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. కల్లంలో కాయలు ఎండాయా అని అడిగావు. ఎండాయి, గోతాల్లో తొక్కి టిక్కీలు కుట్టాం. ఫోన్ ఎత్తడం లేదని కంగారుపడుతూ ఉంటావు. నా ఫోన్ మీ యల్లమంద బాబాయి దగ్గరుంది. రిపేరు చేయిస్తానని తీసుకున్నాడు. దానికి రిపేరేమీ లేదు.

పోలండు నుంచి వచ్చి మన కల్లంలో సినిమా తీసిన మాగ్దా గారి గురించి రాశావు. ఆడవాళ్ళు ఆడవాళ్ళతో, మగవాళ్ళు మగవాళ్ళతో కలిసి బతికే హక్కు కోసం ఆమె వాళ్ళ దేశంలో ఊరేగింపు తీస్తే సీసాలు విసిరారని రాశావు. ఇక్కడ ఎవరూ ఏమీ విసరలేదు. ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు భయంగా ఉంది.

ఆ సినిమాలో ముక్క ఒకటి ఊళ్ళో ఫోన్లలో తిరుగుతోంది. మాగ్దా గారు మాట నిలబెట్టుకుంది. నీ మొహం చీకట్లో ఉంది, గొంతు మారింది. ఒక అమ్మాయితో కాపురం ఉంటున్నానని, ఇంట్లో చెప్పే ధైర్యం లేదని ఆ గొంతు చెప్పింది. బాబాయి మన అరుగు మీద కూర్చుని చూపించాడు.

“అన్నా, ఎనకున్న మిరపకాయల టిక్కీలు మనయ్యే గదా?”

“ఏమోరా, నాకు కనపడట్లా.”

“కళ్ళజోడు పెట్టుకోని చూడు. చె.కే. అని ఎర్ర రంగు. నువ్వు రాసిందే.”

“ఆ అచ్చరాలు ఊళ్ళో ఇంకెవురికీ ఉండవా ఏంది?” అంది మీ అమ్మ లోపలి నుంచి.

వాడు నవ్వాడు. “ఉండొచ్చొదినా. పిల్లెప్పుడొస్తది? అందరికీ చూడాలనుంది.”

అప్పటినుంచి రోజూ ఇద్దరు ముగ్గురు వచ్చి టీ తాగి, అదే అడిగి పోతున్నారు. నీ అడ్రసు అడిగితే తెలియదన్నాను. మందుల పెట్టె మీద ఉంటే పొయ్యిలో వేశాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు నువ్వు టిక్కీలను గుర్తు కనపడకుండా గోడవైపు తిప్పించావు. మీరు మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు నేను మళ్ళీ ఇటు తిప్పాను. మిరప సాగు మీద సినిమా అనుకున్నాను. పరాయి దేశంలో మన గుర్తు కనపడుతుందని ఆశపడ్డాను. నువ్వు వాటికి వీపు పెట్టి కూర్చున్నావు. ఆమెకు తెలుగు అక్షరాలు రావు.

నీ బతుకు గురించి ఏమీ రాయను. రాయడం చేతకాదు. ఈ ఉత్తరం రోహిణికి కూడా చూపించు. ఇద్దరూ ఇల్లు మారండి. దీన్ని మన ఊరి పోస్టులో వేయను, నరసరావుపేట వెళ్ళి వేస్తాను.

నిన్న బాబాయి, “వదినకు సీరియస్సంటే పిల్ల పరిగెత్తుకోనొస్తది గదన్నా” అన్నాడు. ఒకరోజు ఫోన్ నా చేతికిచ్చి పక్కన నిలబడతారు. అమ్మకు బాగాలేదని నేనే చెబుతాను. ఏడుస్తాను కూడా. నమ్మవద్దు. రావద్దు.

మీ అమ్మ ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని కాయలకు తొడిమలు తీస్తోంది. తను బాగుంది.

ఇట్లు,
మీ నాన్న
చెన్నకేశవులు