పొత్రం పడుకున్న తొట్టెల

గద్వాల,
శుక్రవారం

నాగర్‌కర్నూలు దాపున పుట్టింట్లో ఉన్న దేవమ్మకు గద్వాల నుంచి భీమన్న రాసేది. ఇక్కడ నేను క్షేమం. ఒక చెయ్యి తక్కువగా క్షేమం, ఆ సంగతి తర్వాత. నువ్వూ, కడుపులోని బిడ్డా, అత్తా చల్లగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. నేను బొగ్గుతో గోడ మీద నేర్పిన అక్షరాలతోనే నన్ను తిట్టావు. అక్షరాలు మాత్రం గుండ్రంగా వచ్చాయి.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వండుకునే తింటున్నాను. జొన్నరొట్టె తట్టబోతే అంచులు పగిలిపోతున్నాయి. పక్కింటి హలీమాబీ రోజూ ఇంత కూర పంపుతోంది. లడాయి మూలాన దీపానికి గ్యాసునూనె దొరకడం లేదు, వెలుగుండగానే తిని పడుకుంటున్నాను. పల్లీల మిల్లులో అదే పని, అదే ఇంజిను. మిస్త్రీ దావూద్ నోరూ అదే.

ఇక అసలు ప్రశ్న. "రైలా, ఇమానమా? నేనొచ్చేవరకు రెండిట్ల ఒక్కటే ఇంట్ల ఉండాలె" అని రాశావు. ఉన్నది ఒక్క గది. నేను చేసిన బొమ్మ ఇమానం దూలానికి వేలాడితే బిడ్డకు తొట్టెల ఎక్కడ కట్టాలి? రైలు పొయ్యి పక్కన పరుచుకుంటే నువ్వెక్కడ కూర్చోవాలి? నీ మాట న్యాయమే. అయినా చదవగానే కాగితం ఉండచుట్టి పారేశాను. మళ్లీ తెచ్చి సాపు చేశాను. పొద్దంతా ఎవడి ఇంజినుకో నూనె పోసేవాడికి, తనదని చెప్పుకునే చక్రం ఒక్కటి తిరగకూడదా?

ఇమానం తేలిక పని. వెదురు పుల్లలు, పతంగి కాగితం, పాత సైకిల్ ట్యూబులోంచి కోసిన రబ్బరు. రబ్బరును మెలితిప్పి పల్లీలు ఆరబోసే జాగాలో వదిలితే, పదమూడు లెక్కపెట్టేదాకా గాలిలో నిలిచింది. తర్వాత ముక్కు నేలకు గుద్దుకుంది. ప్రతిసారీ అంతే. రైలు అట్లా కాదు. నీళ్లు పోసి నిప్పు పెడితే తనంత తాను లాగాలి. స్టేషన్‌లో బండి ఆగినప్పుడల్లా ఇంజిను కింద తలపెట్టి చూసి, తరిమితే పరుగెత్తి, మళ్లీ వచ్చి చూసి నేర్చుకున్నాను. సైకిల్ పంపు గొట్టం కోసి దానికి గుండెకాయ చేశాను. నాలుగు ఇనుప చక్రాలు ఆకురాయితో అరగదీశాను. మనసు దాని మీదే పడింది.

మిల్లులో అందరి ముందూ దావూద్ అడిగాడు.

"ఏంరా భీమన్నా, గాలిపటానికి తోక కోసి ఇమానమన్నవ్. ఇప్పుడు రైలంట?"

"అవును మిస్త్రీ. వచ్చే జుమ్మాకు నడిపిస్త."

"కూత రైలే పెడ్తదా, ఎనక ఉరుక్కుంట నువ్వు పెట్టాల్నా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఆవిరి పట్టే పాత్ర దేనితో చేశావని నువ్వు అడగలేదు. మీ అవ్వ ఇచ్చిన రాగి చెంబు తోమి పెట్టమని మాత్రం అడిగావు, బిడ్డకు తొలి స్నానం దానితోనే పోయాలని. దేవమ్మా, ఆ రెంటికీ జవాబు ఒకటే.

చెంబు మూతికి ఇత్తడి బిళ్ల పెట్టి సత్తుతో అతికించాను. ఆవిరి ఎక్కువైతే పోవడానికి చిన్న రంధ్రం ఉంచాను. పోయిన జుమ్మా నాడు పొద్దున నిప్పు పెడితే చక్రాలు కదల్లేదు, ఆవిరంతా ఆ రంధ్రంలోంచే పోతోంది. దావూద్ నవ్వు చెవిలో పడ్డట్టయింది. రంధ్రంలో మేకు దిగగొట్టాను. మా మిల్లు ఇంజిను నూనెతో నడిచేది. ఆవిరిని మూసిపెడితే ఏం చేస్తుందో నాకు తెలియదు. తెలుసనుకున్నాను.

దానికి ముందు రోజే ఇమానం దించి, నీ పాత చీరతో దూలానికి తొట్టెల కట్టాను. "ముందు పొత్రాన్ని పండబెట్టి ఊపాలె, అటెంక బిడ్డను ఎయ్యాలె" అని అత్త చెప్పి పంపింది కదా. నాకు నవ్వొచ్చింది. అయినా దూలం బరువు మోస్తుందో లేదో చూద్దామని, రోట్లోని పొత్రానికి గుడ్డ చుట్టి అందులో పెట్టాను.

మేకు కొట్టిన కాసేపటికే బిళ్ల ఊడి తొట్టెల దిక్కు ఎగిరింది. వేడినీళ్లు నా ఎడమ చేతి మీద పడ్డాయి. చప్పుడు విని హలీమాబీ ఉరికి వచ్చింది. చీర చీలి ఉంది, లోపల గుడ్డ చుట్టి ఏదో పడుకుని ఉంది.

"అరె అల్లా! బిడ్డ! ఎవరి బిడ్డర ఇది?"

ఆమె గుడ్డ విప్పింది. రాయి. రాతి మీద వేలెడు పొడుగున తెల్లటి గీత. ఆమె నవ్వలేదు. నా వీపు మీద రెండు గుద్దింది, తర్వాత కూర్చుని ఏడ్చింది. నా చేతికి తేనె రాసింది కూడా ఆమెనే. చెయ్యి మానుతోంది. ఆ గీత మీద వేలు పెట్టకుండా మాత్రం ఒక్క పూటా ఉండలేకపోతున్నాను.

చెంబును కంచరి దగ్గర బాగు చేయించాను. మూతి కొంచెం వంకర, నీళ్లు కారవు. చీర కుట్టాను. ఇమానం తలుపు మీద పెట్టాను, అది ఉంటుంది.

ఇమానమే నచ్చిందని రాస్తే నువ్వు సంతోషిస్తావు, కానీ అబద్ధం. మిల్లులో కూర్చున్నా, దారిన పోతున్నా, ఆవిరి ఎక్కడ వదలాలో, బిళ్లను ఎట్లా బిగించాలో, అదే తిరుగుతోంది బుర్రలో. ఇంట్లో ఉంటే మళ్లీ నిప్పు పెడతాను. నన్ను నేను ఎరుగుదును.

అందుకే ఈ ఉత్తరం తెచ్చే మీ ఊరి యేసయ్య చేతికి ఒక మూట ఇచ్చాను. నాలుగు చక్రాలు, పంపు గొట్టం. నీ దగ్గర పెట్టుకో. ఎక్కడ పెట్టావో చెప్పకు. నేను అడుగుతాను, అరుస్తాను, రెండు రోజులు మాట్లాడకుండా ఉంటాను. మన బిడ్డ మంటను చూసి తనంత తాను వెనక్కి జరిగే దాకా ఇవ్వకు.

ఇట్లు,
చెంబు వంకర చేసిన నీ పెనిమిటి
భీమన్న