బోర్లించిన దొప్ప

జీలుగుపుట్టు,
జనవరి 9.

చిట్టితల్లి సోనికి,

మీ నాన్న ఫల్గుణ దీవించి రాసేదేమంటే, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ వేళకు తిని బాగున్నావనుకుంటాను. అందరం అన్నాను కదా, అందులో మీ అమ్మ సంగతి కాస్త ఆగి రాస్తాను. ఒంట్లో ఆమెకేమీ లేదు, కంగారు పడకు.

నీ రిజిస్టరు ఉత్తరం శుక్రవారం సంతరోజున అందింది. "కూతురు రిజిస్ట్రీలో రాసిందంటే ఏటో పెద్ద ఇసయమే, ఫల్గుణా!" అని పోస్టుమాన్ భీమన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ టవర్ లేదని పెట్టేశానని రాశావు. టవర్ ఉంది తల్లీ. నీతో మాట్లాడే ధైర్యమే లేకపోయింది.

నువ్వడిగినవాటిలో తేలికైనవి ముందు చెబుతాను. కాఫీ రెండో కోత అయింది, గింజలు ఎండుతున్నాయి. మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్ పట్టుకుని పరుగెత్తడమే నా పని. మన నల్లావు పెయ్యదూడను ఈనింది. గాసి బాబాయి మోకాలు ఇంకా నొప్పే, నోరు మాత్రం ఏమీ తగ్గలేదు. మిరియాల తీగ ఈ ఏడు సరిగా కాయలేదు. ఇంతకంటే తేలికైనవి నీ ఉత్తరంలో లేవు.

ఇక అసలు సంగతి. గట్టి నాయకుడికి తలవంచే బుద్ధి ఏ జనంలో ఎంత ఉందో మీ యూనివర్సిటీ వాళ్లు తొమ్మిది దేశాల్లో కొలుస్తున్నారని నువ్వు చెప్పినప్పుడు, కుంచంతో కొలవడానికి అదేమన్నా చోళ్లా అని నవ్వాను. మన ఊరికి వచ్చినంత మార్కు ఆ తొమ్మిది దేశాల్లో ఏ ఊరికీ రాలేదని మొదట ఫోన్లో చెప్పావు కదా. నీకు నిజం చెబుతున్నాను, ఎక్కువ మార్కులంటే మంచిదేననుకుని ఆ పూట ఊరంతా చెప్పుకొచ్చాను. మతిలేనివాణ్ణి.

ఇప్పుడు ఆ సర్వే నడిపే లక్ష్మణరావు సారు నీ మీదికే వచ్చాడన్నమాట. ముప్పై ఎనిమిది మంది ఇరవై ప్రశ్నలకూ ఒకే తీరుగా జవాబు చెప్పడం ఎక్కడా జరగదు, ఈ అమ్మాయి ఇల్లిల్లూ తిరగకుండా తనే టిక్కులు పెట్టేసిందని కమిటీకి రాశాడన్నమాట. ఇరవై రెండో తేదీన నువ్వు వాళ్ల ముందు నిలబడాలి. మాట నిలబడకపోతే సీటు పోతుంది. నువ్వు గడప గడపా ఎక్కావు, యర్రమ్మవ్వకు చెవుడని ఒక్కో ప్రశ్న మూడుసార్లు అరిచి అడిగావు. నా కళ్లతో చూశాను.

"నాన్నా, ఆ ప్రశ్నల కాగితం నేను రాకముందు ఎవరికైనా చూపించావా?" అని అడిగావు. మన భాషలో మాటలు సరిగా కుదిరాయో లేదో చూడమని నాకొక్కడికే పంపావు, ఎవరికీ చూపొద్దని కింద గీత గీసి మరీ రాశావు. చూపించాను తల్లీ. ఊరందరినీ పిలిచి చదివి వినిపించాను.

బయటివాళ్లు ఊరిని ఏదైనా అడిగితే మన పద్ధతి నీకు తెలుసు కదా. ఊరి నడుమ రాళ్ల దగ్గర కూర్చుంటాం, ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు, తిట్టుకుంటారు కూడా. చివరికి అందరి ముందూ ఆకు దొప్పలు పెడతాం. ఒప్పుకోనివాళ్లు దొప్ప బోర్లిస్తారు. ఒక్క దొప్ప బోర్లా ఉన్నా మాట తెగనట్టే, మళ్లీ మొదటినుంచీ మాట్లాడాల్సిందే. అన్నీ వెల్లకిలా ఉంటేనే జీలుగు కల్లు పోస్తాం. తాగినవాళ్లెవరూ ఇక బయటివాళ్ల ముందు వేరే మాట అనరు. నీ ముప్పై ఎనిమిది జవాబులూ ఒకటిగా ఉండడానికి కారణం అదే.

ఆ కాగితం మీద మూడు సాయంత్రాలు కొట్టుకున్నాం. మిగతా ప్రశ్నలు ఎలాగో తెమిలాయి. ఎవరినీ అడగనక్కర్లేని గట్టి నాయకుడు ఒక్కడుంటే దేశం బాగుపడుతుందా అన్న పద్నాలుగో ప్రశ్న దగ్గర చిక్కుపడింది.

"బాగుపడదేటి! గట్టోడుంటే మన రోడ్డు ఈపాటికే పడిపోను. అడిగీవోళ్లు ఎక్కువై పన్నెండేళ్ల నుంచి రాళ్లే సూత్తన్నాం" అన్నాడు గాసి.

మీ అమ్మ కాఫీ బుట్ట దించి లేచింది. "అడగనోడు రోడ్డేత్తే మన తోటలోంచే ఏత్తాడు. అప్పుడెవులికి సెప్పుకుంటావు, గాసీ?"

"నీ తోట సంగతి తరవాత, వదినా. నా మోకాలు సూడు."

"నీ మోకాలుకి దేశాన్ని రాసిచ్చీమంటావేటి?"

అందరూ నవ్వారు. కానీ మూడో రోజుకి విసిగిపోయి ఒక్కొక్కరూ గాసి వైపు జరిగారు. మీ అమ్మ ఒక్కతే జరగలేదు.

ఇంతవరకూ రాసి ఆపేస్తే బాగుండేది. మొన్న ఆదివారం అలాగే ఆపేసి ఒక ఉత్తరం రాశాను. ఊరంతా కలిసి ఒక్కమాట అనుకున్నారు, అది మా పద్ధతి అని. పంపేముందు మీ అమ్మకు చదివి వినిపించాను. ఆమె చూరులోంచి ఒక దొప్ప తీసి నా ముందు బోర్లించి గొడ్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ ఉత్తరం పొయ్యిలో పెట్టాను.

ఆ మూడో సాయంత్రం జరిగింది ఇదీ. మర్నాడు పొద్దున్నే నీ జీపు వస్తోంది. మీ అమ్మ దొప్ప బోర్లా ఉంది. మళ్లీ మొదటినుంచీ కూర్చోవాలి. నాకేమో భయం. ఈ కాగితం వెనక గవర్నమెంటు ఉందేమో, కాదంటే నీ చదువుకే ఎసరేమో అనుకున్నాను. ఊరి పెద్దను కదా, నా కూతురు వచ్చేసరికి ఊరు తయారుగా లేదంటే నామోషీ కూడా. వంగి, ఆ దొప్పను నా చేత్తోనే తిప్పి కల్లు పోసేశాను.

మా తాత నాటినుంచి ఒకరి దొప్ప ఇంకొకరు తాకింది లేదు. అందరూ ఎవరి దొప్పలు వాళ్లు చూసుకున్నారు. మీ అమ్మ నా మొహం చూసి, తాగింది. తాగింది కాబట్టే మర్నాడు నువ్వు అడిగితే, కన్నకూతురివని కూడా చూడకుండా, "ఒప్పుకుంతన్నాను" అంది. నువ్వు టిక్కు పెట్టుకున్నావు. నువ్వు ఆశ్చర్యంగా ఆమె వంక చూడడం నేను చూశాను. చూసి తల తిప్పుకున్నాను.

మీ అమ్మ ఎందుకు ముభావంగా ఉందని అడిగావు కదా. ఆ రోజునుంచి అన్నం పెడుతోంది, మాట్లాడడం లేదు. ఇరవై ఏడేళ్ల కాపురంలో నాకు ఇంత సిగ్గెప్పుడూ వెయ్యలేదు. మన ఊరికి ఆ మార్కు తప్పుగా వచ్చిందని నువ్వు బాధపడుతున్నావు. తప్పు ఊరిది కాదు, ఆ మార్కు నాది.

ఇదంతా వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఇందులోనే పెట్టాను. కమిటీకి చూపిస్తే నువ్వు టిక్కులు దొంగతనంగా పెట్టలేదని తేలుతుంది. నీ సర్వేలోంచి మన ఊరు పోతుంది. సంగతి ఇక్కడికీ పాకుతుంది, నా పెద్దరికమూ పోతుంది. పోనీ. చూపించి తీరాలని రాయబోయాను. వద్దని కూడా రాయబోయాను. రెండూ కొట్టేశాను. నువ్వే ఆలోచించుకో, నేను చెప్పను.

ఇందాక ఈ ఉత్తరం ఇక్కడిదాకా మీ అమ్మకు చదివాను. మధ్యలో దొప్ప పెట్టాను. దాన్ని చూసింది.

"మన గుంటకి బేగి అందేలా పంపు" అంది. నెల దాటాక ఆమె నాతో అన్న మొదటి మాట ఇది.

దొప్పను బోర్లించలేదు. పోయమని కూడా అనలేదు. కల్లు బుర్ర నా పక్కనే ఉంది. ఆమె అడిగేదాకా ముట్టుకోను.

ఇట్లు,
నీ దగ్గర మాట దాచిన
మీ నాన్న
ఫల్గుణ