కొండ చుట్టూ చెరోవైపు

ఫేబీ అక్కకు,

ప్రభువు కృపవల్ల, కాళ్ల నొప్పులు తప్ప అంతా క్షేమం. ఎటోబికోలో నాకోసం చూసిన గది వద్దని చెప్పెయ్యక్కా. నేను ఈ వాన్ ఊళ్లోనే, నా రూమ్మేట్ నిఖిలతోనే ఉంటాను.

ఇద్దరం అప్లై చేసిన ఉద్యోగం తనకొచ్చి నాకు రాలేదని నెల రోజులుగా తనతో మాట్లాడలేదు కదా. మొన్న శనివారం మన చర్చి నతానియేలు అన్న స్టూడెంట్లందరినీ చర్చి బండిలో సున్నపురాయి కొండకు తీసుకెళ్లాడు. పాతకాలపు సున్నపు బట్టీల దగ్గర మొదలై, కొండంతా చుట్టి మళ్లీ అక్కడికే వచ్చే దారి అది. నిఖిల అందరితో ఎడమవైపు వెళ్లింది. నేను పంతం కొద్దీ ఒక్కదాన్నే కుడివైపు నడిచాను.

రాళ్లెక్కీ దిగీ, మధ్యాహ్నానికి ఆయాసపడుతూ ఒక బండల చీలిక దగ్గరికొచ్చాను. అందులోకి చెక్క నిచ్చెన వేసి ఉంది. తొంగి చూస్తే కింద నిఖిల! నేను ఒంటరిగా వెళ్లానని భయపడి, అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చిందట.

"దిగుతవా? నన్నెక్కమంటవా?" అంది.

"ఎక్కు" అని చెయ్యందించాను.

పైకొచ్చాక కూడా చెయ్యి వదల్లేదు. "మనిద్దరికీ వస్తదనుకున్ననే. నీకు రాలేదనంగనే నా సంతోషమంతా పోయింది" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఇప్పుడెటు వెళ్దాం?"

"ఎటు పోయినా అంతే దూరం. నడువు!"

తనతోపాటు నేనొచ్చిన దారినే తిరిగాను. పొద్దున నన్ను ఏడిపించిన ఎత్తులన్నీ పల్లాలయ్యాయి. వెనకున్నవాళ్లంతా మమ్మల్ని దాటిపోయి చర్చి బండి ఎక్కేశారు. అన్న హారన్ కొడుతూనే ఉన్నాడు, మేం బట్టీ గోడమీద కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నాం.

నీ చెల్లి