యశోద చూసిన సగం చంద్రుడు

మంగళవారం, శుద్ధ అష్టమి, 1955

నా మీద నాకే మస్తు కోపమొస్తున్నది. భూమి నీడ పడి చంద్రుడు సగమైతడని పొద్దున క్లాసుల చెప్పిన. యశోద లేచి, "నీడ కాదు సార్. నిన్న పొద్దుగూకంగ సూర్యుడు పడమట, చంద్రుడు నడినెత్తిన ఉండె. మన నీడ మీదికెట్ల పోతది?" అన్నది. పుస్తకం కన్న నీకెక్కువ తెలుసా అని ఆ పిల్లను బెత్తంతోని కొట్టిన.

సాయంత్రం లాల్‌దర్వాజా కాడ తలెత్తి చూసిన. ఆమె చెప్పినట్లే ఉన్నది. సూర్యుని దిక్కున్న సగమే మెరుస్తున్నది. ఇరవై ఏండ్ల సంది పాఠం చెప్తున్న, ఒక్కనాడు చూడలే.

పిల్లల ముందట తప్పు ఒప్పుకుంటనని పెద్దసారు ఇంటికి పోయి చెప్పిన. "ఊకోవయ్యా, సార్ల ఇజ్జత్ పోతది" అన్నడు. ఏం ఇజ్జత్ అది? కోపం చేస్తె చేయనీ, రేపు చెప్త.

యశోద ఏడ్వలేదు. నా దిక్కు మళ్ల చూడలేదు గూడ. రేపు బడికి వస్తదో లేదో...