ఆ రికార్డులు ఎవరికీ ఇవ్వకండి

ఏమండీ, అలగడంలో మిమ్మల్ని మించినవాళ్లు ఈ ఇంట్లో ఇంకా పుట్టలేదు. కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. అత్తయ్యను కంటి డాక్టరుకు చూపించి వస్తాను. ఈలోగా మీరు పట్టుకుపొమ్మన్న స్నేహితుడు వస్తే ఆ రాక్ ఆల్బమ్ మాత్రం ఇచ్చెయ్యకండి. రెండు రికార్డుల నిండా ఒకే కథ నడిపిన మహాకావ్యమని, మధ్యలో ఎవరు తుమ్మినా మళ్లీ మొదటి నుంచి పెట్టేవారే! అలాంటిది, అత్తయ్య ‘గోల’ అన్నారని దానకర్ణుడి అవతారమా? పొద్దున మీరు అటు వెళ్లగానే ఆవిడే పెట్టమన్నారు. నేను అర్థం చెప్పబోతే, “నువ్వూరుకోవే, విననీ” అని కసిరారు. మీ వ్యాఖ్యానం లేకపోతే నాకూ బాగానే ఉంది.

చీటీ అడుగున ఈ ముక్క కూడా ఇరికిస్తున్నాను. ఇప్పుడే చెప్పులేసుకుంటూ అత్తయ్య పైకే అన్నారు: “వాడి పాటల్ని అలా అనడం నా తప్పే. సాయంత్రం వాడి పక్కన కూర్చుని మళ్లీ వింటానని రాయి.”