కొత్త పట్టీ

బుధవారం, మధ్యాహ్నం
ఆసుపత్రి వరండా

ఏమండీ,

మీకు నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి కానీ, ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ మిడత చెల్లాయికి రేపు మోకాలి ఆపరేషన్. తప్పు నాది.

పోయిన నెల ఎత్తు దూకుతుంటే దాని మోకాలి చిప్ప మళ్లీ పక్కకు జారిందని రాశాను కదా. అత్తయ్యకు నలతగా ఉండి పిల్లను డాక్టరు దగ్గరకు నేనే తీసుకెళ్లాను. చిప్పను పట్టి ఉంచే పట్టీ తెగింది, కొత్త పట్టీ వేయాలి, ఎప్పుడు తీసుకొస్తారు అని ఆయన అడిగారు. మగవారి ముఖం చూసి మాట్లాడలేను, మీకు తెలుసు. బల్ల మీదున్న బొమ్మ ఎముకల వైపు చూస్తూ, ఇంట్లో అడిగి చెబుతామన్నాను.

పట్టీ అంటే పైన చుట్టేదే అనుకున్నాను. మందుల షాపులో సాగే పట్టీ ఒకటి కొని తొడిగాను. అత్తయ్య కూడా, ఒక కాలికే తెచ్చావేమే, పట్టీలు జతగా ఉండొద్దూ అని నవ్వారు. దాంతోనే పిల్ల పోటీకి వెళ్లింది. దూకబోతూ కూలిపోయింది.

చిప్ప జారినప్పుడు కింద ఎముక ముక్క విరిగిందట. ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదని డాక్టరు కసిరారు. పట్టీ వేశామండీ అని చూపించాను. నర్సు గోడవైపు తిరిగి నవ్వుకుంది. డాక్టరు నవ్వలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది. తొడ వెనక నుంచి నరంలాంటిది తీసి, నాడా ఎక్కించినట్టు చిప్పలోంచి లాగి కట్టాలని అప్పుడు విడమరిచి చెప్పారు. నడుస్తుందట. మళ్లీ దూకుతుందో లేదో ఏడాది పోతే గానీ చెప్పలేరట.

నాలుగు ముక్కలు చదివినదాన్ని తెచ్చుకుని ఉంటే నా పిల్ల కాలు నిలిచేది అని అత్తయ్య పక్క మంచం ఆవిడతో అన్నారు. నాకు వినపడాలనే అన్నారు. అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని అడగడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఎవరి ముందూ తలెత్తలేకపోతున్నాను.

మీరు తిట్టినా సరే, జవాబు రాయండి.

ఇట్లు,
మీ ఇంటిది

తా.క. పోస్టు చేయకుండా ఉంచి శుక్రవారం రాస్తున్నాను. ఆపరేషన్ బాగా జరిగింది. పొద్దున అత్తయ్య మంచినీళ్లకు వెళ్లగానే పిల్ల నా చెయ్యి పట్టుకుంది. వదినా, డాక్టరు చెప్పింది ఆపరేషన్ గురించేనని నాకు ఆ రోజే తెలుసు, పోటీ పోతుందని నోరు మూసుకున్నాను, నిన్ను అందరూ అంటుంటే వింటూ పడుకున్నాను అని వెక్కివెక్కి ఏడ్చింది. ఊరుకోమ్మా అంటూ తల నిమిరాను. ఇంతలో అత్తయ్య సీసాతో వచ్చి, పిల్ల అలా ఏడుస్తుంటే నువ్వెందుకే నవ్వుతున్నావు అన్నారు. నా ముఖాన నవ్వు ఉందని నాకు అప్పుడే తెలిసిందండీ.