మైలలో తెరవని పెట్టెలు

సదుం

తమ్ముడు మునికృష్ణకు,

నువ్వు కుప్పం నుంచి పంపిన మందు పట్టీలు మీ బావ ఉన్నప్పుడే అందాయి. చలి ముదరకముందే తేనెటీగల పెట్టెల్లో పెట్టాలని, లేకుంటే నల్లి పట్టి ఈగలు చస్తాయని ఆయన ఆసుపత్రిలో కూడా చెప్పాడు. ఆయన పోయాక పెట్టబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"మైలలో ముట్టుకోబాకమ్మా, లేచిపోతాయి. నా బిడ్డ పెంచిన ఈగలు, అవన్నా ఉండనీ" అంది.

ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. ఆమె కోరినట్టే నెల మాసికం అయ్యాకే తెరిచాను. రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టెల అడుగున కుప్పగా పడి ఉన్నాయి. ఒక్క పెట్టె కూడా మిగల్లేదు.

"నా బిడ్డ వెంటే పోయినాయి" అంటాంది అత్త. అవునన్నాను.

నువ్వు వచ్చినప్పుడు ఆమె ముందు మందు మాట ఎత్తవద్దు.

నీ అక్క